నెస్టింగులో ముప్పై ఎనిమిది

నేను ఇరవై తొమ్మిదో ఏట రిటైరయ్యాను. కాగితం మీద దాని పేరు స్వచ్ఛంద పదవీ విరమణ. అందులో స్వచ్ఛందం యజమానిది, విరమణ నాది. కాబట్టి ఉద్యోగ జీవిత జ్ఞాపకాలు రాయడానికి నాకు అర్హత ఉన్నట్టే. తెల్లజుట్టు ఒక్కటే తక్కువ. ఇలాగే ఇంట్లో కూర్చుంటే అదీ వస్తుందని మా అమ్మ భరోసా ఇచ్చింది.

ఐ.టి.ఐ. పూర్తిచేసి ఏదో ఒక వర్క్‌షాపు గేటు ముందు నిలబడబోయే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఇది రాస్తున్నాను. కష్టపడమని, నిజాయితీగా ఉండమని పెద్దవాళ్ళు మీకు చెప్పే ఉంటారు. వాళ్ళు చెప్పనిది ఒకటుంది. మనిషిని పొద్దున్నే లేపి పనికి తరిమేది చాలాసార్లు అసూయే. నా మట్టుకు నాకు మూడేళ్ళపాటు అలారం గడియారంతో పని పడలేదు.

ముందు ఒక ఇంగ్లీషు మాట గురించి చెప్పాలి. నెస్ట్. ఒకటో తరగతిలో ఎన్ అక్షరం పక్కన బొమ్మ ఉండేది: కొమ్మ, గూడు, అందులో మూడు నీలం గుడ్లు. నా పుస్తకం మా అన్నయ్య చదివేసి ఇచ్చింది కాబట్టి నా గుడ్లకు మీసాలుండేవి. పక్క బెంచీ వాడిది కొత్త పుస్తకం. వాడి గుడ్లు శుభ్రంగా, నున్నగా ఉండేవి. ఆ మాటతో నా పరిచయం అలా మొదలైంది. అసలు గూళ్ళంటే హిందీ ప్రాంతంలో ఉక్కు ప్లాంటు ఊరైన మా భిలాయిలో కాకులవి. వర్క్‌షాపుల్లోంచి ఇనప తీగ ముక్కలు ఏరుకొచ్చి కరెంటు స్తంభాల మీద కట్టేవి. గాలివానకు చెట్టు కొమ్మలు పడేవి గానీ ఆ గూళ్ళు పడేవి కావు. కరెంటు పోయేదంతే.

తరవాత ఎదురు క్వార్టర్ వాళ్ళు సివిక్ సెంటర్ నుంచి నెస్ట్ టేబుళ్ళు తెచ్చుకున్నారు. ఒకదాని కడుపులో ఒకటి దూరే మూడు బల్లలు. మా అమ్మ వెళ్ళి చూసొచ్చి, "మూడు కొని ఒక్కదాని జాగాలో పెట్టుకోడానికి, ఒక్కటే కొనుక్కుంటే సరిపోతాది కదేటి" అంది. ఆ మాటే వారంపాటు రోజుకు రెండుసార్లు అంది. మా ఇంట్లో ఈ గుణం తరతరాలుగా వస్తోందని అప్పుడు తెలిసింది. హైస్కూల్లో మా స్నేహితుడు ఎన్.సి.సి.లో చేరి, మెషిన్‌గన్ దాచిపెట్టే గుంతను కూడా నెస్టే అంటారని చెప్పాడు. నన్ను ఎత్తు చాలదని తీసుకోలేదు. వైశాలి నగర్‌లో ఒక కంట్రాక్టరు రెండంతస్తుల ఇల్లు కట్టి, పాలరాతి మీద ‘నెస్ట్’ అని చెక్కించాడు. మా క్వార్టర్‌కు పేరు లేదు, నంబరే. అందులోనూ ఒక అంకె ఊడిపోయింది కనక మా ఉత్తరాలు సగం పక్కవాళ్ళు చదివి ఇచ్చేవారు.

ఇన్ని అర్థాలున్న మాటలో ఒక్క అర్థమైనా నాదనుకోడానికి లేకపోయింది. ఇరవై రెండేళ్ళు వచ్చాక ఒకటి దొరికింది: నెస్టింగ్. అదే నా ఉద్యోగం.

పని చెప్పడానికి చిన్నది. మంచంకన్నా పెద్ద ఉక్కు ప్లేటు నేలమీద పరిచి ఉంటుంది. దాంట్లోంచి ఒకే ఆకారం ముక్కలు వీలైనన్ని కోయాలి. ఆ ఆకారానికి రేకుతో చేసిన నమూనా ఉంటుంది, దాన్ని మా షాపులో ఫర్మా అనేవారు. ఫర్మాను ప్లేటు మీద పెట్టి, చుట్టూ సుద్దతో గీసి, జరిపి, తిప్పి, మళ్ళీ గీయాలి. గూట్లో పిల్లల్లా ముక్కలన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని సర్దుకోవాలి. అందుకే దానికా పేరు. ఖాళీ ఎంత మిగిలితే అంత తుక్కు. తుక్కు ఎంత మిగిలితే మా ఫోర్‌మన్ ముఖం అంత నల్లబడేది.

ఫోర్‌మన్ది పక్కనున్న కుమ్హారి అనే ఊరు. పొద్దున్నే లోకల్ ట్రైనులో, సంచిలో రొట్టె, ఉల్లిపాయ పెట్టుకుని వచ్చేవాడు. నలభైమంది పనిచేసే షాపులో అందరికీ ఆయన ఉస్తాద్. గోడకొక నల్లబల్ల వేలాడదీసి, ఎవరు ఒక్కో ప్లేటుకు ఎన్ని ముక్కలు పట్టించారో సాయంత్రం రాసేవాడు. పొగిడేవాడు కాదు, తిట్టేవాడు కాదు. రాసి, సుద్ద జేబులో వేసుకుని ట్రైనుకు వెళ్ళిపోయేవాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

బల్ల మీద రెండు పేర్లు. ఒకటి నాది. రెండోది దీదీది.

ఆమె నాకన్నా ఏడాది చిన్న. వాళ్ళ నాన్న బొబ్బిలి వైపునుంచి వచ్చి రిసాలి మార్కెట్టులో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ. ఆమె డ్రాయింగుల నకళ్ళు తీసే పనికి మా షాపులో చేరింది. ఒకరోజు మార్కింగ్ మనిషి రాకపోతే ఉస్తాద్ ఆమె చేతికి ఫర్మా ఇచ్చాడు. తిరిగి తీసుకోలేదు. మనవలున్నవాళ్ళు కూడా ఆమెను దీదీ అనేవారు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆమె నన్ను భయ్యా అనేది. ఈ లెక్కన మా ఇద్దరిలో ఎవరు పెద్దో ఎప్పటికీ తేలలేదు.

అప్పట్లో మాకు ఒక పెద్ద ఆర్డరు నడుస్తోంది. కన్వేయరు బెల్టు కింద బిగించే బ్రాకెట్లు. పరిచి ఉన్నప్పుడు బూటు ఆకారంలో ఉండేవి. కోశాక ప్రెస్ మీద పెట్టి మడమ దగ్గర మడిచేవారు. ఆ బూట్లు నేను ప్లేటుకు ముప్పై పట్టించాను. అంతకుముందు ఎవరూ ఇరవై ఎనిమిది దాటలేదు. కాబట్టి ఆ సాయంత్రం బల్లకేసి చూస్తూ కొంచెం నెమ్మదిగా చేతులు కడుక్కున్నాను. మర్నాడు ఆమె ముప్పై నాలుగు పట్టించింది.

నేనైతే ముందు కాగితం మీద లెక్కలు వేసి, పెన్సిలు చెవిలో పెట్టుకుని, నిట్టూర్చి, ఇదంతా చూసేవాళ్ళు ఉన్నారా అని చూసుకుని మొదలుపెట్టేవాణ్ణి. ఆమె ప్లేటు చుట్టూ ఒకసారి నడిచేది. అంచుమీద అరచేత్తో రాసేది. తరవాత వంగి గీసుకుపోయేది. బ్లౌజు గుడ్డ పరిచినట్టే. వచ్చేపోయేవాళ్ళు నిలబడి చూసేవారు. నన్ను చూడటానికి ఎవరూ నిలబడలేదు, నా వెనక మంచినీళ్ళ కుండ ఉండేది కనక దాహమేసినవాళ్ళు తప్ప.

ఇక నా లక్షణాలు వినండి. టీ వేళ అందరూ బయటికెళితే నేను ఆమె ప్లేటు మీద ముక్కలు లెక్కపెట్టేవాణ్ణి. ఒకటి తగ్గి ఉంటుందేమోనని రెండోసారి. ఆమె సుద్ద గీత కొంచెం వంకరగా ఉంటే ఆ పూట అన్నం సయించేది. ఒకసారి ఆమెకు పచ్చకామెర్లు వచ్చి తొమ్మిది రోజులు సెలవు పెట్టింది. మూడు రోజులు హాయిగా ఉన్నాను. నాలుగో రోజు తోచలేదు. ఏడో రోజు సైకిలేసుకుని రిసాలి మార్కెట్టుకు వెళ్ళి, ఎలా ఉందని వాళ్ళ నాన్నను అడిగాను. ఆయన నా మంచితనానికి కరిగిపోయి టీ తెప్పించాడు. నాకు కావలసింది ఆమె ఏ రోజు వస్తుందన్నది.

ఇంట్లో కూడా తెరిపి లేదు. మా నాన్నకు ప్లాంటులో ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. అది అయిపోతే క్వార్టరు ఖాళీ చేయాలి. ఈలోగా నేనెక్కడైనా పర్మనెంటు కావాలని ఆయన కోరిక. మా షాపులో ముసలి మార్కరు దీపావళికి రిటైరవుతున్నాడు, ఆ ఒక్క రెగ్యులర్ పోస్టు మా ఇద్దరిలో ఒకరికి ఇస్తారు అని ఆయనకు తెలుసు. అందుకని రోజూ కంచం ముందు కూర్చోగానే అడిగేవాడు.

"ఏటిరా, దర్జీగారి పిల్ల ఈవేళ ఎన్ని పట్టించినాదేటి?"

"ముప్పై నాలుగు."

"నువ్వో?"

"అమ్మా, పప్పు వెయ్యి."

ఆమె ఇంట్లో పరిస్థితి ఇంతకన్నా మెరుగేం కాదని నాకు తెలుసు. రెడీమేడ్ బట్టలొచ్చాక వాళ్ళ నాన్న మిషను సగం రోజు మూతవేసే ఉండేది. పైగా ఆయనకు సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళు సహకరించడం లేదు. ఇవన్నీ తెలిసి కూడా అసూయ తగ్గలేదు. అసూయకు చెవులుండవు, కళ్ళే ఉంటాయి.

ఇక చుక్కల సంగతి. ఆమె ప్రతి ముక్క మీదా, సుద్ద గీత లోపల, పంచ్‌తో రెండు చిన్న చుక్కలు కొట్టేది. పంచ్ అంటే మొనదేలిన ఉక్కు పుల్ల. సుత్తితో కొడితే ఉక్కు మీద చుక్క పడుతుంది, గ్యాసుతో కోసినా చెరగదు. ఏమిటీ బొట్లు అని ఒకసారి అడిగాను. "నాన్న అలవాటు, నాకూ వచ్చీసింది" అంది. అంతే అంది. సంతకం పెడుతోందని నాకు అర్థమైంది. అంటే, అర్థమైందనుకున్నాను. షాపంతా కూడా అదే అనుకుంది: చుక్కలుంటే దీదీ ముక్క. ప్రెస్ మీద పనిచేసే ఆయన మాత్రం చుక్కలున్న ముక్కల్ని ముందుగా, ఇష్టంగా తీసుకునేవాడు. నావి పక్కన పెట్టి, తిప్పి తిప్పి చూసి, గొణుక్కుంటూ మడిచేవాడు.

అది నాకు గుచ్చుకుంది. నేనూ చుక్కలు కొట్టడం మొదలుపెట్టాను. ఆమెవి ఒక్కో ముక్క మీద ఒక్కోవైపు ఉండేవి, చిందరవందరగా. నేను పద్ధతిగా ప్రతి బూటుకూ పొడుగు వెంబడే, ఒకే చోట కొట్టాను. నావే అందంగా ఉన్నాయి. ప్రెస్ ఆయన నావి కూడా గొణక్కుండా తీసుకున్నాడు. ఇంత సులువైతే ముందే చేసేవాణ్ణి కదా అనుకున్నాను.

దసరాల ముందు ఉస్తాద్ కూతురి పెళ్ళని వారం సెలవు పెట్టాడు. నల్లబల్ల మీద రాసేవాళ్ళు లేరు. సరిగ్గా అప్పుడే కొత్త ప్లేట్ల కట్ట వచ్చింది. ఉస్తాద్ తిరిగొచ్చే సోమవారానికి ఒక అంకె తయారుగా ఉంచాలని నిశ్చయించుకున్నాను.

శనివారం పొద్దుటి షిఫ్టులో ఆమె తన ప్లేట్లు ముగించి కాగితాలమీద పడింది. నేను రెండు ప్లేట్లు పరిచాను. బూట్లు నిలువుగా పేర్చుకుపోయి, వాటి మధ్య మిగిలిన సందుల్లో మరికొన్ని బూట్లు అడ్డంగా తిప్పి దూర్చాను. ఇంత చిన్న ఉపాయం ఆమెకు ఎందుకు తట్టలేదా అని జాలి కూడా పడ్డాను. ముప్పై ఆరు వచ్చాయి. ప్లేటు చివర చూస్తే ఇంకా చోటుంది. మరో రెండు. ముప్పై ఎనిమిది. రెండో ప్లేటులోనూ అంతే. ఆ చివరి రెండూ ఎలా పట్టాయో తరవాత చెబుతాను. అన్నిటిమీదా నా అందమైన చుక్కలు కొట్టి, ఎవరికీ చెప్పకుండా, సోమవారం కోసం నోరు కట్టుకుని ఇంటికి వెళ్ళాను. రెండో షిఫ్టులో గ్యాస్ కట్టరు వచ్చి, నేలమీద ఏ ప్లేటుంటే అది కోసి, ముక్కలన్నీ ఒకే కుప్పలో పోసి, మిగిలిన తుక్కును చిన్న ముక్కలు చేసి యార్డులో పారేస్తాడు. అది రోజూ జరిగేదే.

సోమవారం ఉస్తాద్ చేతికి పసుపు దారంతో, పెళ్ళి లడ్డూల డబ్బాతో వచ్చాడు. నేను అంకె ఎప్పుడు చెప్పాలా అని చూస్తున్నాను. లడ్డూ తిన్నాక చెబితే బాగుంటుందనిపించింది. లడ్డూ చేతిలో ఉండగానే ప్రెస్ దగ్గర్నుంచి చప్పుడు వచ్చింది. కొబ్బరికాయ పగిలినట్టు. కాసేపటికి ఇంకోటి.

మడిచినచోట బ్రాకెట్లు నెర్రెలిస్తున్నాయి. అన్నీ కాదు. మూడింటికి ఒకటి చొప్పున, మడమ దగ్గర వెంట్రుక మందాన చీలిక. మధ్యాహ్నానికి ఇరవై నాలుగు పగుళ్ళు తేలాయి. మర్నాడు ఆర్డరిచ్చిన వాళ్ళ ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఒక్క పగులు చూసినా మొత్తం సరుకు వెనక్కే.

ముందు ఉక్కును అనుమానించారు. తరవాత ప్రెస్‌ను. ప్రెస్ ఆయన ఒప్పుకోలేదు. తాను చుక్కల్ని చూసే మడిచానని, దీదీ తనకు చెప్పినట్టే చేశానని అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు. చుక్కలు సంతకం కాదు. మిల్లులో రోలర్ల మధ్య నొక్కి పొడుగ్గా సాగదీసిన ఉక్కుకు గుడ్డకున్నట్టే ఒక పోగు ఉంటుందట. ఆ పోగుకు అడ్డంగా మడిస్తే నిలుస్తుంది, పోగు వెంబడే మడిస్తే పగులుతుంది. రెండు చుక్కలూ కలిపితే వచ్చే గీత ఆ పోగు ఎటుందో చెబుతుంది. చుక్కలు అడ్డం తిరిగి కనిపిస్తే, ఆ ముక్కను ప్రెస్ ఆయన వేడిచేసి, మొద్దు అచ్చు పెట్టి, మెల్లగా మడవాలి. ఇది వాళ్ళిద్దరి ఏర్పాటు. వెల్వెట్టు కోసేటప్పుడు నూగు ఎటుందో మరిచిపోకుండా వాళ్ళ నాన్న సుద్దతో పెట్టే గుర్తు అది. నేను సందుల్లో అడ్డంగా తిప్పి దూర్చిన బూట్లన్నిటికీ నా చుక్కలు అబద్ధం చెప్పాయి. అందంగా, పద్ధతిగా, ఒకే చోట.

లడ్డూ ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని ఏంచేయాలో తెలియలేదు.

రెండింటికి షిఫ్టు మారేవేళ ఉస్తాద్ అందర్నీ ప్రెస్ దగ్గరికి పిలిచాడు. అంతకు కాస్త ముందు దీదీ ఒక్కతే తుక్కు యార్డులో వంగి ముక్కలు తిరగేస్తూ కనిపించింది. నాకు వ్యతిరేకంగా సాక్ష్యం ఏరుకుంటోందనుకున్నాను. ఆమె చోట నేనుంటే అదే చేసేవాణ్ణి.

ఉస్తాద్ గొంతు పెంచలేదు. పగిలిన బ్రాకెట్టు ఒకటి ఆమె చేతికిచ్చి, చుక్కలు చూపించి, ఇదేమిటి బేటీ అన్నాడు. ఆమె వెలుతురుకేసి తిప్పి చుక్కల్ని చూసింది. చాలాసేపు చూసింది. నాది కాదు అంది, మెల్లగా. మరి చుక్కలు అన్నాడు. ఆమె ఇంకేం మాట్లాడలేదు. షాపులో మౌనానికి ఒకటే అర్థం.

నేనూ మాట్లాడలేదు. ఇక్కడ మిమ్మల్ని మభ్యపెట్టదలచుకోలేదు. ఆ పోస్టు నా వైపు నడిచొస్తున్న అడుగుల చప్పుడు నాకు వినిపించింది. నా తప్పుకు ఆమె తల వంచుకుని నిలబడి ఉంటే, నేను మా నాన్న కంచం ముందు ఏం చెప్పాలో వాక్యం కూర్చుకుంటున్నాను. చక్కని వాక్యమే కుదిరింది కూడా.

అంతలో గ్యాస్ కట్టరు డ్యూటీకి వచ్చాడు. శనివారం ఏం కోశావని ఉస్తాద్ అడిగాడు. అతను చీటీ తీసి చదివాడు. రెండు ప్లేట్లకు ఒక్కోదానికి ముప్పై ఎనిమిది వచ్చాయని, నమ్మలేక రెండుసార్లు లెక్కపెట్టానని చెప్పాడు. ఎవరు గీశారంటే, "నాకేం తెలుసు, చుక్కలున్నాయి కదా, దీదీవే అనుకున్నా" అన్నాడు.

ఉస్తాద్ ముఖం మారింది. ముప్పై ఎనిమిది అని రెండుసార్లు తనలో తను అనుకున్నాడు. కోపం ఎటో పోయింది. నల్లబల్లకేసి చూసి, మళ్ళీ ఆమెకేసి చూసి, హిందీలో అన్నాడు: "తప్పు తప్పే బేటీ. కానీ ముప్పై ఎనిమిది పట్టించే బుర్ర ఈ షాపులో ఇంకెవరికుంది?"

తప్పు ఆమెదన్నప్పుడు నేను ఊరుకున్నాను. ఆమె ఉద్యోగం పోతుందేమో అన్నప్పుడూ ఊరుకోగలిగేవాణ్ణేమో. కానీ ఈ మాట నా చెవిన పడగానే నా కాళ్ళు నన్నడక్కుండానే ముందుకు నడిచాయి.

"ఉస్తాద్, ఆ ముప్పై ఎనిమిది నాది."

షాపంతా నవ్వింది. నవ్వరూ మరి. ఆ మూడేళ్ళలో నేను సీరియస్‌గా అన్న మాట ఒక్కటీ లేదు. ముసలి మార్కరు బావమరిది పోయిన రోజున కూడా ఏదో అని తిట్లు తిన్నవాణ్ణి. భయ్యా దీదీని కాపాడటానికి బలి అవుతున్నాడని కట్టరు అన్నాడు. వెనకెవరో ఈల వేశారు. ఉస్తాద్ నావైపు తిరిగి, ప్రతిదాంట్లో పరాచికమేనా, పక్కకు పో అన్నాడు. నిజం చెప్పిన మనిషిని అంతమంది కలిసి నమ్మకపోవడం చూస్తే అబద్ధాలకు ఎంత మర్యాద ఉందో తెలుస్తుంది.

జేబులోంచి నా పంచ్ తీసి ఇచ్చాను. దాని మొన ఎప్పుడో ఒక అంచున విరిగింది; మార్చుకోడానికి బద్ధకించాను. ఉస్తాద్ ఒక తుక్కు ముక్క తెప్పించి దానిమీద రెండు దెబ్బలు కొట్టాడు. చుక్క గుండ్రంగా పడలేదు, దశమి చంద్రుడిలా ఒక పక్క తిన్నట్టు పడింది. కళ్ళద్దాలు పైకి నెట్టి దాన్నీ, బ్రాకెట్టునూ పక్కపక్కన పెట్టి చూశాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఈల వేసినవాడు ఎవరో ఇప్పటికీ తెలీదు గానీ అప్పుడు మాత్రం దగ్గాడు.

తరవాత ఆమె నూనె తుడుచుకునే గుడ్డ ఒకటి తీసుకుని, నిలువుగా లాగి, ఏటవాలుగా లాగి, పోగు సంగతి అందరికీ చూపించింది. ఎనిమిదో క్లాసు పాఠంలా చెప్పింది, గొప్పలేం పోలేదు. గొప్పలు పోయి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. ఉస్తాద్ ఆ ఇరవై నాలుగూ పక్కకు తీయించి, ఆమె చేత కొత్త ప్లేటు గీయించి, కట్టర్నీ ప్రెస్ ఆయన్నీ ఆపి, సాయంత్రానికి కొత్త బ్రాకెట్లు చేయించాడు. వాటి అంచులు నునుపుచేసే పని నాకు పడింది. మార్కింగ్ నుంచి గ్రైండింగుకు నా బదిలీ అలా జరిగింది. ఆర్డరు కాగితం ఏదీ లేదు. ఉస్తాద్ గ్రైండరు నా చేతిలో పెట్టాడు, అంతే. మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చి, చూసి, తలూపి, మిగిలిన లడ్డూలు తిని వెళ్ళాడు.

దీపావళికి పోస్టు ఆమెకిచ్చారు. నేను చప్పట్లు కొట్టాను. కొట్టకపోతే అందరూ చూస్తారని.

విచిత్రమేమిటంటే, ఆ సంఘటనతో మా క్వార్టర్లున్న సెక్టారులో నాకొక పేరు వచ్చింది. పోస్టు పోయినా ఫరవాలేదని తప్పు ఒప్పుకున్న కుర్రాడు అని. మా నాన్న మొదట రెండు రోజులు నేను రాకముందే తిని లేచిపోయాడు. తరవాత ఎవరో బజారులో ఆయన చేతులు పట్టుకుని మీ పెంపకం గొప్పదన్నారట. ఆ రాత్రి కంచం దగ్గర ఎన్ని పట్టించావని అడగలేదు, ఇంకో గరిటె నెయ్యి వేయించాడు. మా అమ్మ ఎదురింటికి వెళ్ళి చెప్పొచ్చింది, మూడు బల్లలవాళ్ళకు. ఆ పేరు ఇన్నేళ్ళు అలాగే ఉండనిచ్చాను. మీకే మొదటిసారి చెబుతున్నాను. అది నిజాయితీ కాదు. నా ముప్పై ఎనిమిది ఇంకొకరి పేరున పోతుంటే చూడలేకపోయాను.

ఇక ఆ సోమవారం సాయంత్రం సంగతి మిగిలింది. ఒళ్ళంతా ఇనప పొడితో సైకిల్ స్టాండుకు వచ్చాను. ఆమె నా సైకిలు పక్కనే నిలబడి ఉంది. నా పంచ్ ఆమె చేతిలో ఉంది, ఉస్తాద్ బల్లమీద వదిలేస్తే తెచ్చింది. ఇప్పుడు కృతజ్ఞత చెబుతుంది, ఏం జవాబు చెప్పాలి అని కంగారుపడ్డాను. పంచ్ ఇచ్చి అంది:

"భయ్యా, చుక్క సూడగానే నీదని తెలిసిపోయింది నాకు."

"మరి చెప్పలేదేం?"

"సెప్తే నిన్ను పొమ్మందురు. నువ్వెళ్ళిపోతే నేనెవర్ని అడగాలి?"

"ఏమడగాలి?"

ఆమె ఇటూ అటూ చూసి గొంతు తగ్గించింది. "పొద్దున్నే కుప్పలో నీ ముక్కలు లెక్కెట్టినాను, ప్లేటుకు ముప్పై ఎనిమిదొచ్చినాయి. అడ్డంగా తిప్పితే ముప్పై ఆరొస్తన్నాయి. ఎన్నిసార్లు కట్టినా ముప్పై ఆరే. తుక్కులో కూడా వెతికినాను, ఏటీ దొరకలేదు. ఆ రెండూ ఎలాగ పట్టించినావు?"

అప్పుడామె ముఖం చూశాను. ఆ ముఖం నాకు బాగా తెలుసు. మూడేళ్ళుగా రోజూ గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసిందే. తల వంచుకుని నిలబడి, తన ఉద్యోగం పోతుంటే, ఈ పిల్ల లోపల బూట్లు తిప్పుకుంటూ ఉందన్నమాట.

మీకు చెబుతానన్నాను కదా. ఆ కొత్త కట్టలో నాకు దొరికిన రెండు ప్లేట్లూ మిల్లులో ఎవరి పొరపాటువల్లో మామూలుకన్నా జానెడు పొడుగ్గా వచ్చాయి. శనివారమే టేపు పెట్టి మూడుసార్లు కొలిచాను. ఆ రెండు ముక్కల్లో నా ప్రతిభ రవ్వంత కూడా లేదు.

"అది చెబితే వచ్చేది కాదు దీదీ, చేతిలో ఉండాలి" అని సైకిలెక్కాను.

మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. చూస్తే చెప్పేస్తానని భయం.

ఆమె ఇప్పుడు ఆ షాపులో మార్కింగ్ ఇన్‌ఛార్జి. ఎప్పుడు ఎక్కడ కనిపించినా, పెళ్ళిలోనైనా, కూరగాయల దగ్గరైనా, క్షేమసమాచారాలయ్యాక ఆ రెండూ ఎలా పట్టాయని అడుగుతుంది. నేను నవ్వుతాను. చెబితే ఆమెకు నిద్ర పడుతుంది, నాకేం మిగులుతుంది? భిలాయిలో పుట్టిన చాలామందిలాగే ఆమెకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అందుకే ఇదంతా తెలుగులో రాశాను. మీలో ఎవరికైనా ఆమె ఎదురుపడితే హిందీలో చెప్పకండి.